మూడు పన్నెండులో చల్లని చెయ్యి

హ్యూస్టన్‌లో పెద్దాసుపత్రుల వెనక, ఫ్లైఓవర్ నీడలో ఒక మూడంతస్తుల సూట్ హోటల్ ఉంది. అందులో మూడు పన్నెండో నంబరు గదిలో వారం దాటి నిలిచినవాళ్ళు లేరని చెప్పుకునేవారు. రాత్రి మూడింటికి ఎవరో వచ్చి రోగి నుదుటి మీద చెయ్యి పెడతారట... చల్లటి చెయ్యి. లేచి దీపం వేస్తే — ఎవరూ ఉండరట.

ఈ సంగతి ఓడీల్ చెవిన పడేసరికి, ఆ గదిలో దిగి నాలుగు రోజులైంది.

చెప్పింది మేవిస్. ఓక్లహోమా మనిషి, అరవై దాటినావిడ. కొడుకు వైద్యం కోసం ఏడు నెలలుగా అక్కడే కాపురం. కింద బట్టలుతికే గదిలో తువ్వాళ్ళు మడతపెడుతూ తనంతట తనే మాట కలిపింది.

"కొత్తగా వచ్చావు కదా, ఇక్కడి మంచీ చెడ్డా చెప్తా విను. గదిలోనే పొయ్యి, గిన్నెలు, ఫ్రిజ్జు. మన కూడు మనం వండుకోవచ్చు. అగ్రిమెంటు లేదు, కరెంటు బిల్లు లేదు. పోవాలనిపించిన రోజు తాళం బల్లమీద పడేసి పోవచ్చు. ఎందుకొచ్చావు, ఎందుకేడుస్తున్నావు అని అడిగేవాడు లేడు."

"మరి చెడ్డో?"

"అదే. అడిగేవాడు లేడు." మేవిస్ ఇంకో తువ్వాలు దులిపింది. "తుడిచేవాళ్ళు కూడా వారానికోసారే వస్తారు. మధ్యలో ఉన్నావో పోయావో గోడలకే తెలియాలి. ఇంకోటి... పక్కగది ఖాళీ అయితే ఏమయ్యారని అడక్కు. ఇక్కణ్ణించి ఇంటికి రెండు దారులున్నాయి. ఇంతకీ నీ గదేదమ్మా?"

"మూడు పన్నెండు."

మేవిస్ చేతులు ఆగిపోయాయి. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి ఆ చెయ్యి సంగతి చెప్పింది. "మార్చుకోమ్మా. ఈ రోజే మార్చుకో."

మార్చుకోవడానికి వేరే గది ఉంటే కదా!

ఓడీల్‌ది లూసియానా తీరంలో ఒక పిల్ల ఊరు. మొగుడు ఆల్సీడ్ రొయ్యల పడవ తోలేవాడు. పోయిన వేసవిలో చిగుళ్ళలోంచి రక్తం కారింది. ఒంటి మీద నల్లమచ్చలు తేలాయి. రక్తంలోనే జబ్బు ఉందన్నారు. ఆయన చెల్లెలి ఎముకల్లోంచి మూలుగ తీసి ఆల్సీడ్‌కి ఎక్కించారు. ఆ తర్వాత నూరు రోజులు ఆసుపత్రికి పావుగంట దూరంలోనే ఉండాలన్నారు. పగలూ రాత్రీ పక్కన ఒక మనిషి ఉండి తీరాలన్నారు. జ్వరం నూట ఒకటి తాకిందా, ఏ గంటైనా సరే పరుగెత్తుకు రావాలన్నారు.

ఆ చుట్టుపక్కల హోటళ్ళన్నీ ఆమెలాంటి వాళ్ళతోనే నిండిపోయాయి. ఈ హోటల్ బల్ల దగ్గరి పిల్ల కూడా కంప్యూటర్‌లో చాలాసేపు వెతికి, "ఒక్కటే ఉందండీ... అద్దె కూడా తక్కువే. కానీ —" అంది.

ఆ 'కానీ' తర్వాత మాట ఓడీల్ వినలేదు. సంతకం పెట్టేసింది.

ఇప్పుడు తువ్వాళ్ళ బుట్ట చంకన పెట్టుకుని మెట్లెక్కుతూ అనుకుంది — దెయ్యం ఉంటే ఉండనీ. ఆయన బతికితే చాలు.

మర్నాడు పొద్దున ఆల్సీడ్ హుషారుగా లేచాడు.

"రాత్రి నువ్వు నుదుటి మీద చెయ్యి పెడితే ప్రాణం లేచొచ్చిందే, ఓడీ."

"...ఎప్పుడు?"

"మూడింటప్పుడు. అంత చల్లగా ఉన్నాయేమిటే నీ చేతులు? రొయ్యల ఐసుపెట్టెలో పెట్టొచ్చావా?"

ఓడీల్ మూడింటికి లేవలేదు. రెండింటికి జ్వరం చూసి, సోఫాలో వాలి, ఆరింటికి కళ్ళు తెరిచింది.

"ఆఁ... గిన్నెలు కడిగి వచ్చాలే," అంది. అని, పొయ్యి వైపు తిరిగి నిలబడింది. తన మొహం ఆయన కంట పడకూడదని.

ఆ రాత్రి ఆమె నిద్రపోలేదు. జపమాల వేళ్ళకు చుట్టుకుని, దీపం ఆర్పి, సోఫాలో కూచుంది. ఒంటిగంట... రెండు... ఫ్లైఓవర్ మీద లారీల హోరు పలచబడింది. ఫ్రిజ్జు ఒకసారి గుర్రుమని ఆగిపోయింది.

మూడు.

మంచం పక్క కిర్రుమంది. పరుపు అంచు... మెల్లగా... కిందికి దిగింది. ఎవరో వచ్చి కూచున్నట్టు.

ఎవరూ లేరు.

ఆల్సీడ్ నిద్రలోనే, చంటిపిల్లాడిలా, హాయిగా నిట్టూర్చాడు. ఓడీల్‌కి అరవాలని ఉంది — నాలుక అంగిట్లో అతుక్కుపోయింది. "పరలోకమందున్న మా తండ్రీ..." అక్కడితో ఆగిపోయింది. పది నిమిషాలో, గంటో... పరుపు అంచు మళ్ళీ పైకి లేచింది.

తెల్లారాక వెలుతురులో గదంతా గాలించింది. అప్పుడు పడింది ఆమె కన్ను ఆ తలుపు మీద — పక్కగదికీ వాళ్ళ గదికీ మధ్య ఉన్న తలుపు. అలాంటి హోటళ్ళలో అది మామూలే. అటు ఒక తలుపు, ఇటు ఒక తలుపు, ఎవరి గడియ వాళ్ళ వైపు. వాళ్ళ వైపు గడియ వేసే ఉంది.

పక్కగది, మూడు పదకొండులో, ఒక ముసలాయన ఒంటరిగా ఉంటాడు. పేరు వెండెల్. బక్కపల్చటి మనిషి. ఎప్పుడు చూసినా వరండా చివర కూల్‌డ్రింకుల మిషను దగ్గర నిలబడి వీళ్ళ తలుపు వైపే చూస్తుంటాడు. పలకరిస్తే తల వంచుకుని లోపలికి పోతాడు.

'దెయ్యమూ లేదు, గియ్యమూ లేదు. వీడే!' అనుకుంది ఓడీల్. ఏ తీగతోనో గడియ తీసి వస్తున్నాడు. చీకట్లో తన కంటికి ఆనలేదు, అంతే. భయం పోయి మంట పుట్టింది. ఆ సాయంత్రం గడియ మళ్ళీ బిగించి, తలుపుకి బరువైన కుర్చీ అడ్డం పెట్టింది.

అయినా పొద్దున్నే ఆల్సీడ్, "నీ చెయ్యి..." అన్నాడు.

రోజులు గడిచేకొద్దీ ఓడీల్ మనిషిలా లేదు. ఆయనకి ప్రతిదీ మరిగించి, ఉడికించి, వేడివేడిగా పెట్టేది. తను ఆయన తినగా మిగిలిన రెండు ముద్దలు నిలబడి మింగేది. పాదాలు వాచాయి. ఆయన రెండు ముద్దలు ఎక్కువ తిన్నరోజు పండగ. వాంతి చేసుకున్నరోజు, స్నానాల గదిలో కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడ్చేది. నీరసం ఎంత ముదిరిందంటే, రాత్రి వచ్చేదెవరో కనిపెట్టే ఓపిక కూడా పోయింది.

ఇరవై ఒకటో రోజు రాత్రి. పన్నెండింటికి జ్వరం లేదు. ఫోనులో మూడింటికి అలారం పెట్టుకుని కన్ను మూసింది... అంతే. ఒళ్ళు తెలియని నిద్ర.

మంచు ముక్కలాంటి చెయ్యి ఆమె మణికట్టు పట్టుకుంది.

చెవిలో — ఊపిరి కంటే చిన్నగా —

"లేమ్మా... కాలిపోతున్నాడు."

ఓడీల్ దిగ్గున లేచి నిలబడింది. ఫోను చార్జింగు అయిపోయి నల్లగా పడి ఉంది. మంచం మీద ఆల్సీడ్ పళ్ళు టకటక కొట్టుకుంటున్నాడు. ఒళ్ళు పెనంలా ఉంది. జ్వరం చూస్తే నూట నాలుగు!

"ఏవయ్యా! ఏవయ్యా, లే!" లేవదీయబోయింది. ఆరడుగుల మనిషి, జబ్బుచేసినా బరువే. ఆమె మోకాళ్ళు ఆగలేదు. ఇద్దరూ కలిసి పరుపు మీద పడ్డారు.

"నువ్వు కాళ్ళు పట్టుకోమ్మా."

వెనక్కి తిరిగింది. మధ్య తలుపు బార్లా తీసి ఉంది. గుమ్మంలో బనీనుతో వెండెల్.

ఆ నిమిషంలో ఎలా వచ్చావని అడగడానికి లేదు. ఇద్దరూ కలిసి ఆల్సీడ్‌ని దుప్పట్లో చుట్టి, లిఫ్టులో దింపి, ముసలాయన పికప్‌లో పడుకోబెట్టారు. ఎర్రదీపాలు లెక్కచెయ్యకుండా తోలాడు ఆయన. ఆరు నిమిషాల్లో ఆసుపత్రి వాకిట్లో ఉన్నారు.

డాక్టరమ్మ బయటికొచ్చి ఒకటే మాట అంది. "రక్తమంతా విషమెక్కింది. ఇంకో గంట ఆగి ఉంటే, తీసుకొచ్చే పని ఉండేది కాదు."

ఐదు రోజులు గాజుతలుపు అవతల ఆల్సీడ్, ఇవతల ఓడీల్. ఆరోరోజు కళ్ళు తెరిచి, "ఆకలేస్తోందే," అన్నాడు.

ఆల్సీడ్ బతికాడు. నూరు రోజులూ గడిచి ఊరు చేరాడు, ఇప్పటికీ పడవ తోలుతున్నాడు. కానీ ఓడీల్ ఈ సంగతి ఎవరికి చెప్పినా అక్కడితో ఆపదు. ఆ ఆరోరోజు సాయంత్రం, ఉతికిన బట్టల కోసం హోటల్‌కి వచ్చి, మూడు పదకొండు తలుపు కొట్టిన సంగతి చెప్పందే ఊరుకోదు.

వెండెల్ తలుపు తీశాడు. ముందు ఆయన చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఆ తర్వాత చెయ్యి వదలకుండానే అడిగింది.

"పెద్దాయనా, మీ మేలు జన్మలో మరవను. కానీ నిజం చెప్పండి. రోజూ రాత్రి మా గదిలోకి ఎందుకొచ్చేవారు?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"మీరు దిగాక నేనా గదిలో కాలుపెట్టింది ఆ రాత్రొక్కటేనమ్మా. మధ్య తలుపు ఎవరో కొడుతుంటే మెలకువొచ్చింది... మూడుసార్లు. నువ్వే అనుకున్నా. నా వైపు తలుపు తీసేసరికి మీది తీసే ఉంది. నువ్వేమో సోఫాలో నిద్రపోతున్నావు. పిలుద్దామని నోరు తెరిచా. ఈలోపలే దిగ్గున లేచావు."

"నేను గడియ వేశాను. కుర్చీ కూడా..."

"కుర్చీ గోడవారగా చక్కగా పెట్టి ఉంది."

ఓడీల్ చెయ్యి ఆయన చేతిలోంచి జారిపోయింది.

"మా ఆవిడ ఆర్లెటా," అన్నాడు ముసలాయన. "రెండేళ్ళయింది. జబ్బు నాది. మీ ఆయనకున్నదే. మూడు పన్నెండులోనే దిగాం. రాత్రీ పగలూ నాకు జ్వరం చూసేది. తను ఎప్పుడు తినేదో, ఎప్పుడు పడుకునేదో... నేనెప్పుడూ అడగలేదు. ఓసారి నాకు ఎక్కువై ఆసుపత్రిలో చేర్చారు. బట్టలు తెస్తానని వచ్చింది. వచ్చి... పొయ్యి ముందు పడిపోయింది. గుండె."

బయట ఎవరిదో చక్రాల పెట్టె గరగరమంటూ పోయింది.

"ఐదు రోజులమ్మా. తుడిచేవాళ్ళు వచ్చే వారం తిరిగిందాకా తలుపు తట్టినవాళ్ళు లేరు. నేనక్కడ, ఒళ్ళు తెలిసినప్పుడల్లా, చూడ్డానికి కూడా రాదేమని దాని మీద కోపం తెచ్చుకుంటూ పడుకున్నా."

ఓడీల్ నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది.

"అది పోయాక నెలరోజులు ఆ గదిలోనే ఒంటరిగా పడుకున్నా. ఏమీ లేదు. ఖాళీ చేశాక దిగినవాళ్ళు, రాత్రి ఎవరో రోగి నుదురు చూస్తున్నారని కేకలేసి పారిపోయారు. వింటే తెలిసిపోయింది నాకు... అది ఆర్లెటాయే. ఇల్లమ్మేసి పక్కగదిలో చేరా. మధ్య తలుపుకి నా వైపు ఏ రాత్రీ గడియ వెయ్యను."

"మరి..." ఓడీల్ గొంతు తగ్గిపోయింది. "మరి మీ దగ్గరికి ఎప్పుడూ రాలేదా?"

వెండెల్ ఆ తలుపు వైపు చూశాడు.

"ఎందుకొస్తుందమ్మా?" అన్నాడు. "నాకు నయమైపోయింది కదా."