దుంపలో దాచిన పచ్చసొన

కుక్కర్ మూత తీయగానే చిలక కళ్లజోడును ఆవిరి కమ్మేసింది. అద్దాలు గౌను అంచుతో తుడుచుకుని, ఉడికిన బంగాళదుంపను గరిటెతో తీసి పళ్లెంలో వేసింది. బడి నుంచి వచ్చి ఇంకా మేజోళ్లయినా విప్పలేదు. అమ్మ మేడమీద ఆరిన బట్టలు తేవడానికి వెళుతూ, తమ్ముడికి దుంప మెదిపి పెట్టమని చెప్పింది.

చిలకకు పదేళ్లు. నోరు ఒక్క క్షణం ఊరుకోదు కాబట్టి ఇంటిల్లిపాదీ ఆ పిల్లను అలాగే పిలుస్తారు. తమ్ముడు చిన్నోడికి ఆరేళ్లు. వాడు మాట్లాడేది తక్కువ.

చిన్నోడికి ఆటిజం ఉంది. మనం పట్టించుకోని చప్పుళ్లు, వాసనలు, రుచులు వాడికి చాలా గట్టిగా తగులుతాయి. మిక్సీ తిరిగితే చెవులు మూసుకుంటాడు. చొక్కా మెడ దగ్గర గీరుకుంటే విప్పేసేదాకా ఊరుకోడు. ఇక తిండి సంగతి చెప్పక్కర్లేదు. అంచులు కోసేసిన బ్రెడ్, గడ్డపెరుగు, ఉప్పు వేసి మెదిపిన దుంప. ఇవి తప్ప ఇంకేదీ వాడి నోట్లోకి వెళ్లదు.

కిందటి వారం డాక్టరుగారు రక్తపరీక్ష చేయించి, వాడికి ఐరన్ బాగా తక్కువగా ఉందన్నారు. ఊరికే అలసిపోతున్నది అందుకేనట. చుక్కల మందు ఇచ్చి, తిండి విషయం డైటీషియన్‌తో మాట్లాడమన్నారు. ఆవిడను కలవడానికి ఇంకా కొన్ని రోజులు ఆగాలి.

ఆగడం అనేది చిలక ఒంట్లో లేదు. గుడ్డు తింటే బలమని సైన్స్ పాఠంలో చదివింది. పెద్దవాళ్లు వాడిని మరీ నెత్తికెక్కించుకున్నారని తన అనుమానం. నాకు వదిలేస్తే చిటికెలో పని కదా అనుకుంది.

ఫ్రిజ్‌లో పొద్దున ఉడికించిన గుడ్డు ఒకటి మిగిలింది. చిలక దాని పచ్చసొన తీసి, వేళ్లతో నలిపి దుంపలో కలిపింది. రంగు బయటపడకుండా పైన విడిగా ఉంచిన తెల్లటి దుంపను మందంగా పరిచింది. చూస్తే ఎప్పటి గిన్నెలాగే ఉంది.

చిన్నోడు బల్ల దగ్గర కూర్చుని చెంచా పట్టుకున్నాడు. మొదటి ముద్ద దిగింది. రెండోదీ దిగింది. చిలక లోలోపల పొంగిపోయింది. ఆ తర్వాతి ముద్ద నోట్లో పెట్టుకుని వాడు నమలడం ఆపేశాడు. చెంచాతో గిన్నెలో గీరి చూశాడు. కింద పసుపు రంగు కనిపించింది.

నోట్లోది ఉమ్మేశాడు. గిన్నె తోసేసి, బల్ల కింద దూరి, చెవులు మూసుకుని ఊగడం మొదలుపెట్టాడు. గొంతులోంచి సన్నగా ఒకే రాగం వస్తోంది. బట్టల బుట్టతో వచ్చిన అమ్మ దాన్ని గుమ్మంలోనే వదిలేసి వాడి పక్కన నేలమీద కూర్చుంది. ఏమైందని చిలకను అడిగింది.

చిలక తెలియదని చెప్పి, గిన్నెలోది గబగబా చెత్తబుట్టలో వేసేసింది.

మర్నాడు చిన్నోడు దుంప ముట్టుకోలేదు. పెరుగు గిన్నె దగ్గరికి రాగానే వాసన చూసి, చెంచాతో అడుగుదాకా కెలికి వదిలేశాడు. బ్రెడ్‌ను విరిచి లోపల వెతికాడు. కాస్త కొరికి పక్కన పెట్టేశాడు. సాయంత్రానికి సోఫాలో ఒక మూల ముడుచుకు పడుకున్నాడు. బస్సు డ్యూటీ దిగివచ్చిన నాన్న వాడిని ఎత్తుకుని, పిల్లాడు వడిలిపోయాడన్నాడు.

పన్ను నొప్పేమోనని అమ్మకు అనుమానం వచ్చింది. పంటి డాక్టరుకు ఫోన్ చేస్తే మర్నాడు పొద్దున్నే రమ్మన్నారు. ఆ మాట చిలక చెవిన పడింది. పోయినసారి అక్కడ ఏం జరిగిందో తనకు బాగా గుర్తుంది. ఆ లైటు, ఆ మిషను చప్పుడు తట్టుకోలేక చిన్నోడు అమ్మ చెయ్యి కొరికాడు. ఇంటికొచ్చాక కూడా చాలాసేపు ఏడ్చాడు. ఇప్పుడు ఏ నొప్పీ లేకుండానే వాడు ఆ కుర్చీ ఎక్కాలి.

పొద్దున అమ్మ వాడికి చెప్పులు తొడుగుతుంటే చిలక వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అమ్మా, వాడికి పన్ను నొప్పి కాదు. నేనే దుంపలో గుడ్డు కలిపాను."

అమ్మ చేతిలో చెప్పు అలాగే ఉండిపోయింది. చిలక మిగతాదంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. బలం వస్తుందని కలిపాననీ, అడిగితే భయంతో అబద్ధం చెప్పాననీ. తిట్లు పడతాయని తల దించుకుంది. అమ్మ తిట్టలేదు. వాడి కాలికి తొడిగిన చెప్పు విప్పేసి పంటి డాక్టరుకు రావడం లేదని ఫోన్ చేసింది. తర్వాత డైటీషియన్‌కు ఫోన్ చేసి, పిల్లాడు తినడమే మానేశాడు, ఇవాళే చూడండని బతిమాలింది. చిలకను కూడా వెంట రమ్మంది.

డైటీషియన్ గదిలో ట్యూబులైటు ఆపేసి కిటికీ తెర పక్కకు లాగి ఉంది. చిన్నోడు నేలమీద కూర్చుని బొమ్మకారు చక్రం తిప్పుతున్నాడు. జరిగినదంతా విని, ఆవిడ చిలక వైపు తిరిగింది.

"నీ మంచినీళ్ల సీసాలో ఎవరో చెప్పకుండా ఉప్పునీళ్లు పోశారనుకో. మర్నాడు ఏం చేస్తావు?"

"ముందు కొంచెం రుచి చూసి, తర్వాతే తాగుతాను."

"మీవాడూ అదే చేస్తున్నాడు. వాడికి నమ్మకంగా ఉన్నవే ఆ కాసిని. అందులో ఒకటి మారిపోయేసరికి మిగతావాటి మీదా నమ్మకం పోయింది."

చిలక మొహం చిన్నబోయింది. తమ్ముడికి మంచి చేద్దామనే కదా అని గొణిగింది.

"తెలుసమ్మా. వాడికి గుడ్డు అలవాటు చేద్దాం. కానీ వాడికి తెలిసేటట్టు చేద్దాం."

తర్వాత ఆవిడ అమ్మకు ఏం చేయాలో చెప్పింది. చుక్కల మందును తిండిలో కలపకూడదు, మందని చెప్పి విడిగా వేయాలి. దుంప వాడి కళ్లెదుటే మెదపాలి. కొత్త పదార్థం ఏదైనా వేరే పళ్లెంలో దూరంగా పెట్టాలి. ఇంట్లోవాళ్లు దాన్ని మామూలుగా తినాలి. వాడిని తినమని అడగకూడదు, తినలేదని నిట్టూర్చకూడదు. వాడు చూస్తే చాలు, ముట్టుకుంటే ఇంకా మంచిది. నెలలు పట్టవచ్చని కూడా ఆవిడ ముందే చెప్పేసింది.

ఆ రోజు నుంచి దుంప మెదిపే పని చిలకే అడిగి తీసుకుంది. తమ్ముడి ఎదురుగా కూర్చుని తొక్క తీసేది, ఉప్పు వేసి మెదిపేది, తను ఒక చెంచా తిని గిన్నె వాడి ముందు పెట్టేది. పక్క పళ్లెంలో గుడ్డు ముక్కలు తను తినేది. అన్నిటికన్నా కష్టమైన పని నోరు మూసుకోవడం. తినరా అనే మాట నాలుక చివరిదాకా వచ్చేది. దాన్ని గుడ్డుతో పాటే మింగేసేది.

ముందు పెరుగు తిరిగొచ్చింది. ఆ తర్వాత బ్రెడ్. దుంప మాత్రం చాలా రోజులు అలాగే చల్లారిపోయేది. ఒక మధ్యాహ్నం వాడు చెంచా చివరతో కాస్త తీసుకుని నాకాడు. ఆ వారం దాటేసరికి సగం గిన్నె తింటున్నాడు.

ఒక శనివారం సాయంత్రం కింద స్నేహితులు చిలకను ఆటకు పిలుస్తున్నారు. తను హడావుడిగా దుంప మెదుపుతూ నాలుక కరుచుకుంది. చేతిలో ఉన్నది ఇందాక తన బ్రెడ్‌కు వెన్న రాసుకున్న చెంచా. చిన్నోడు అప్పుడే చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. వెన్న దుంపలో కరిగిపోయి ఎక్కడా కనిపించడం లేదు. అంత కొంచెం వాడికి తెలియకపోవచ్చు కూడా. కింద నుంచి మళ్లీ పిలిచారు.

చిలక గిన్నె వాడికి కాస్త దూరంగా పెట్టింది.

"చిన్నోడా, ఇందులో కొంచెం వెన్న పడింది. పొరపాటున పడింది."

వాడు గిన్నెలోకి చాలాసేపు చూశాడు. వేలితో అంచు ముట్టుకుని వాసన చూశాడు. తర్వాత గిన్నెను మెల్లగా అక్క వైపు జరిపాడు. బల్ల కింద మాత్రం దూరలేదు.

చిలక బాల్కనీలోకి వెళ్లి, తనకు ఆలస్యమవుతుందనీ ఆట మొదలుపెట్టేయమనీ స్నేహితులకు చెప్పింది. అమ్మను పొయ్యి వెలిగించమంది. ఇంకో దుంప కడిగింది. చిన్నోడు కుర్చీ లాక్కొచ్చి వంటింటి గుమ్మంలో వేసుకుని కూర్చున్నాడు. దుంప ఉడికేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు. చిలక కొత్త చెంచా తీసి, వాడికి రెండు వైపులా తిప్పి చూపించి, మెదపడం మొదలుపెట్టింది.

"ఉట్టి దుంపేనా?" అన్నాడు చిన్నోడు.

"ఉట్టి దుంప, ఉప్పు. అంతే."

వాడు చెంచా కోసం చెయ్యి చాపాడు.