మలుపులోనే కూసిన ఈల

ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి శవాన్ని తీసుకెళ్ళిపోయారు. కారు మాత్రం మలుపు దగ్గర గోడకు ముక్కు ఆనించి ఉంది. ఇంజన్ ఇంకా వెచ్చగానే ఉంది.

తెల్లటి జపాన్ కారు. పాతదే. లోపల మాత్రం పాతదేదీ మిగల్లేదు. పిస్టన్లు, ఇంజెక్టర్లు, క్లచ్ అన్నీ మార్చారు.

చనిపోయినవాణ్ణి అందరూ చిన్నోడు అనేవారు. ఆ కారును తీర్చిదిద్దిన గారేజీ అతని అన్నయ్యది. అన్న కారు తయారుచేస్తాడు, తమ్ముడు రేసుల్లో తోలుతాడు. ఆ ఉదయం కారును ట్రాలీ మీద ట్రాక్‌కు తెచ్చారు. మొదటి మలుపులోనే అంతా అయిపోయింది.

రోడ్డు మీద టైర్ల నల్లటి గీతలు. పాతవన్నీ మలుపు దాటాకే మొదలయ్యాయి. కొత్త జత ఒక్కటే మలుపు నడుమ మొదలై గోడ దాకా పోయింది. ఇన్‌స్పెక్టర్ చూశాడు. జారిన బండి గీత గీయదా అనుకుని ఊరుకున్నాడు.

ట్రాక్ వాచ్‌మన్ ఒక మాట అన్నాడు. "ఇంజన్‌కు బలం పెంచే ఆ టర్బో ఈల రోజూ మలుపు దాటాక వినిపిస్తుంది సార్. ఇవాళ మలుపులోనే కూసింది."

ముసలాయన చెవుల మీద కేసు కట్టలేమని కానిస్టేబుల్ నవ్వాడు.

సాయంత్రానికి గారేజీ మెకానిక్‌ను పట్టుకొచ్చారు. స్పానర్ అంటారతన్ని. ముందురోజు చిన్నోడితో గొడవపడ్డాడు. ఆ పెద్ద టర్బో పెట్టుకుని అంత దూకుడేమిటని అడిగితే చిన్నోడు చెంప పగలగొట్టాడు. "నీ చావు నువ్వే చస్తావ్ పో" అన్నాడు స్పానర్. అందరూ విన్నారు. పైగా ఆ రోజు కారు కింద దూరినవాడు అతనే. ఆయిల్ మార్చానంతే అంటాడు. నోరు జారిన మాటే మెడకు చుట్టుకుంది. మర్నాడు కోర్టుకు పంపాలి.

టీ చల్లారిపోతుంటే ఇన్‌స్పెక్టర్‌కు చిన్నప్పటి ఎద్దు గుర్తొచ్చింది. మొండిది. గట్టు ఎక్కించాలంటే గట్టు రాకముందే అదిలించాలి. ఒకసారి నాన్న చెప్పకుండా దాని చోట చురుకైన ఎద్దును కట్టాడు. ఇతను అలవాటు కొద్దీ ముందే అదిలించాడు. బండి కాలవలో పడింది.

అతను టీ తాగలేదు.

మర్నాడు పొద్దున్నే స్పానర్‌ను వెంటబెట్టుకుని గారేజీకి వెళ్ళాడు. నుజ్జయిన కారు అక్కడికే చేర్చారు. అన్న ఒక స్టూల్ మీద కూర్చుని చేతులు తుడుచుకుంటున్నాడు. చేతులకు మురికేమీ లేదు. చిన్నోడి భార్య తలుపు దగ్గర నిలబడింది. ఇద్దరి కళ్ళూ పొడిగానే ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ స్పానర్ వైపు తిరిగాడు.

"పెద్ద టర్బో పెడితే శక్తి ఎప్పుడొస్తుంది?"

"ఆలస్యంగా సార్. ఇంజన్ వదిలే పొగ దాని చక్రాన్ని తిప్పాలి, చక్రం ఇంజన్‌లోకి గాలి తొయ్యాలి. పెద్ద చక్రం కదా, బద్ధకం ఎక్కువ. లేచిందంటే మాత్రం ఆగదు."

"మరి చిన్నోడు ఏం చేసేవాడు?"

"మలుపు మధ్యలోనే యాక్సిలరేటర్ తొక్కేసేవాడు. బయటికొచ్చేసరికి శక్తి అందేది. కాలికి అలవాటైపోయింది."

"చిన్న టర్బో అయితే?"

"తొక్కీ తొక్కగానే..." స్పానర్ ఆగిపోయాడు. అన్న వైపు చూశాడు.

"ఆ తొడుగు విప్పు."

టర్బో వేడి ఇంజన్ మీద పడకుండా దానికి మందపాటి గుడ్డ తొడుగు ఉంది. స్పానర్ కొక్కేలు తీశాడు. లోపల ఉన్నది పెద్దది కాదు. పిడికిలంత చక్రం.

వాచ్‌మన్ చెవులు సరిగ్గానే విన్నాయని ఇన్‌స్పెక్టర్ చెప్పాడు. శక్తి ఆలస్యంగా వస్తుందని చిన్నోడు మలుపులోనే తొక్కాడు. అది వెంటనే వచ్చింది. చక్రాలింకా ఒంపులో ఉండగానే వెనక టైర్లు పట్టు తప్పి తిరిగిపోయాయి. గీతలు అక్కడ మొదలవడం అందుకే.

"ఎప్పుడు మార్చారు?"

"స్పానర్ ఇంటికెళ్ళాక," అన్నాడు అన్న. సామాన్ల పేర్లు చదువుతున్నట్టుంది గొంతు. "చెబితే వాడు ఒప్పుకోడు. చిన్నదైతే వేగం తగ్గుతుంది, ప్రాణానికి ఢోకా ఉండదనుకున్నా. వాడు పోయాడని తెలిశాక కూడా నాకిది తట్టలేదు సార్. నిజంగా స్పానరే ఏదో చేశాడనుకున్నా."

లేచి బీరువా అడుగు అర తెరిచాడు. పెద్ద టర్బో తమ్ముడి పాత చొక్కాలో చుట్టి ఉంది.

"వాడికి కాస్త నిదానం వచ్చాక మళ్ళీ పెడదామని దాచా."

అప్పుడు చిన్నోడి భార్య మాట్లాడింది.

"నేనే అడిగాను. ఆయన దూకుడు తగ్గేలా ఏదైనా చెయ్యండి బావగారూ, నా మాట వినరు, అని."

"నువ్వేం అనలేదమ్మా," అన్నాడు అన్న.

"అన్నాను."

"నాకు గుర్తులేదు."

ఇన్‌స్పెక్టర్ ఇద్దరి మాటా విన్నాడు. ఏదీ రాసుకోలేదు. అన్నను స్టేషన్‌కు రమ్మన్నాడు. స్పానర్‌ను ఇక ఇంటికి వెళ్ళిపొమ్మన్నాడు.

స్పానర్ వెళ్ళలేదు. కిందపడిన గుడ్డ తొడుగు తీసి దులిపాడు. ఇంకెప్పుడూ తిరగని ఆ చక్రానికి తొడిగి, కొక్కేలు ఒక్కొక్కటే బిగించాడు.