తీగ మధ్యలో అత్తగారు

"ఇంతకీ నేనేం చేశానో చెప్పరేమిట్రా! నా తప్పేదైనా ఉంటే అమ్మాయి చెప్పి వెళ్ళకూడదూ!..."

అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి కొడుకుని నిలదీసింది. కొడుకు పళ్ళెం ముందు తల దించుకుని కూర్చున్నాడు. ఊళ్ళోని పెద్ద పెద్ద మేడల్లో ఆగిపోయిన లిఫ్టుల్ని కదిలించడం అతని ఉద్యోగం. ఇంట్లో ఆగిపోయిన సంసారాన్ని మాత్రం కదిలించలేక, బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయాడు. కోడలు బట్టలు సర్దుకుని వెళ్ళిపోయి వారం దాటింది. గొడవ లేదు, అరుపులు లేవు. వెళ్ళే ముందు రాత్రి అత్తగారి కాళ్ళకు నూనె కూడా రాసింది. తెల్లవారేసరికి పెట్టె సర్ది, "కొన్నాళ్ళు పార్కులో సిబ్బంది గదుల్లో ఉంటాను అత్తయ్యా" అని చెప్పి, కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగిపోయింది. ఎందుకని అడిగితే మొగుణ్ణి అడగమంది. మొగుణ్ణి అడిగితే, "తననే అడుగమ్మా" అంటాడు! ఇద్దరి మధ్యా ఆవిడ బంతిలా అటూ ఇటూ తిరుగుతోంది.

కోడలు పనిచేసేది వన్యప్రాణుల పార్కులో. అక్కడ చెట్ల ఎత్తున చెక్క మంచెలు కట్టి, ఒక మంచె నుంచి ఇంకో మంచెకు ఇనుప తీగలు లాగారు. దాన్ని జిప్ లైన్ అంటారు. డబ్బిచ్చి వచ్చినవాళ్ళను పట్టీలతో బిగించి, తీగ మీది కప్పీకి తగిలించి వదిలితే, కింద జిరాఫీలూ జింకలూ తిరుగుతుండగా పైన మనుషులు కేకలు పెడుతూ జారిపోతారు. వాళ్ళను వెంటబెట్టుకుని మంచె మంచెకూ దాటించే గైడు మన కోడలు. జంతువుల్ని చూడాలంటే నేల మీద నిలబడి చూడక ఇదేం పోయేకాలమని అత్తగారికి మొదటినుంచీ అనుమానమే. అయినా పిల్ల ముచ్చటపడిందని నోరెత్తలేదు. ఆ మాటకొస్తే ఆవిడ నోరెత్తని విషయం ప్రపంచంలో అదొక్కటే.

కుట్టుమిషను ముందు కూర్చుని, దుకాణం వాళ్ళిచ్చిన కర్టెన్లకు అంచులు కుడుతూ, ఆవిడ తన నేరాలన్నీ ఒక్కొక్కటే తిరగేసింది. కోడలి మంచం మీద కర్టెన్లు గుట్టపోశాననా? పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఉయ్యాల కనబడలేదని ఒకసారి నోరు జారాననా? కానీ ఆ మాటకు కోడలు నవ్వి ఊరుకుంది కదా! ఎంత ప్రేమగా చూసుకునేది... పొద్దున కోడలు బూట్లు వేసుకుంటుంటే అత్తగారు గుమ్మం దాకా వెళ్ళి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, "ఏమోనమ్మా, ఇవాళ ఇక్కడ పట్టేసినట్టుంది... సాయంత్రం నువ్వొచ్చేసరికి ఉంటానో లేదో" అనేది. అది ఆవిడ రోజూ అనే మాటే. కోడలు ఒంటి బూటుతోనే వెనక్కి వచ్చి, నుదురు తాకి చూసి, మాత్ర మింగించి, కాసేపు చెయ్యి పట్టుకుని కూర్చుని మరీ వెళ్ళేది. అలాంటి పిల్ల ఇల్లు విడిచిపోయిందంటే ఎంత పెద్ద కారణం ఉండాలి! ఆలోచించిన కొద్దీ ఆవిడకు బుర్ర వేడెక్కింది గానీ ఒక్క ముక్కా బోధపడలేదు.

"మీ నోటికి తట్టుకోలేకే పోయిందని వీధంతా అంటున్నారు పిన్నిగారూ!" అని కింది వాటా ఆవిడ మెట్ల మీద ఆపి చెప్పింది. అత్తగారి గుండెల్లో రాయి పడినట్టయింది. ఆ రాత్రంతా దిండు తడిసిపోయింది. తెల్లారగానే ఆవిడ కోటు తొడుక్కుని పార్కుకు వెళ్ళే బస్సెక్కింది.

తీరా వెళితే గేటు దగ్గర కాపలావాడు సిబ్బంది గదుల వైపు బయటివాళ్ళను పోనివ్వనన్నాడు. గైడ్లంతా పొద్దున్నే పైకెక్కితే సాయంత్రానికి గానీ దిగరట. అత్తగారికి చటుక్కున ఒక ఉపాయం తట్టింది. టికెట్టు కొంటే సరి! టికెట్టు కొన్నవాళ్ళను గాలికి వదిలేసి గైడు ఎక్కడికి పోతుంది?... వరుసలో నిలబడ్డాక బరువు తూచే యంత్రం పక్కన బోర్డు కనబడింది. మరీ తేలికపాటి మనుషుల్ని ఒంటరిగా పంపరని దాని మీద రాసుంది. అత్తగారు ఎప్పుడూ గాలికి ఎగిరిపోయేట్టుండే మనిషి. ఆవిడ పక్కకు తప్పుకుని, సంచిలోని నీళ్ళ సీసాలూ, కుట్టుపని కత్తెరా, ఇంటి తాళంకప్పా, తినడానికి తెచ్చుకున్న డబ్బా అన్నీ కోటు జేబుల్లో కుక్కుకుని, పెద్దమనిషి తరహాగా యంత్రమెక్కింది. తూకం ఒప్పుకుంది! తర్వాత మొదటి మంచె మీద పట్టీలు కట్టే గదిలో జేబులు ఖాళీ చెయ్యమన్నారు. ఆవిడ అన్నీ తీసి బీరువాలో పెట్టేసింది. తేలికవాళ్ళను ఎందుకు పంపరో ఆవిడ ఆలోచించలేదు, ఎవరూ చెప్పలేదు.

కోడలు ఆ గదిలోకి వచ్చి అత్తగారిని చూసి ఉన్నచోటే నిలబడిపోయింది. మనిషి చిక్కిపోయింది, కళ్ళ కింద నల్లబడింది. "అమ్మాయ్..." అనబోయేలోగా కోడలు చూపు తిప్పుకుని, అందరితోపాటే ఆవిడకూ, "మేడమ్, హెల్మెట్ పట్టీ గడ్డం కింద బిగించుకోండి" అంది.

మేడమ్! ఇన్నేళ్ళు ఒకే బంతిలో కూర్చుని అన్నం తిన్న పిల్ల! అత్తగారికి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. పట్టీ బిగించుకుని అందరి వెనకే నడిచింది. కోడలు అందరికంటే ముందు జారి అవతలి మంచె మీద నిలబడుతోంది. వచ్చేవాళ్ళను పట్టి దించుకోవడం ఆమె పని. ఇవతల నుంచి తగిలించి పంపేది ఇంకో గైడు, పొడుగాయన. మొదటి రెండు తీగలూ చిన్నవి, ఏటవాలువి. అత్తగారు కళ్ళు మూసుకుని దాటేసింది. మూడోది అన్నిటికంటే పొడుగైనది. పొడుగాయన కొక్కేలు తగిలించి, "భయపడకండమ్మా, చూస్తుండగానే అయిపోతుంది" అని వదిలాడు.

అయిపోలేదు. సగం దాటాక గాలి వేగం తగ్గింది. చప్పుడు తగ్గింది. అవతలి మంచె దగ్గరికి వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత మంచె దూరం కావడం మొదలెట్టింది! అత్తగారు వెనక్కి జారుతోంది. తీగ కిందికి వంగిన చోటుకి చేరి, నెమ్మదిగా గుండ్రంగా తిరిగి, ఊగుతూ నిలిచిపోయింది. ఇప్పుడు ఏది ముందో ఏది వెనకో తెలియడంలేదు. రెండు పక్కలా ఒకేలాంటి చెట్లు, ఒకేలాంటి మంచెలు. కింద ఒక జిరాఫీ తలెత్తి ఆవిడ వైపు చూసి, పనికొచ్చే ఆకేదీ కాదని తేల్చుకుని, మళ్ళీ మేతలో పడింది. అంత భయంలోనూ అత్తగారికి చిన్నతనం అనిపించింది.

"కదలకండి! తీగ పట్టుకోకండి! వస్తున్నాను!"

కోడలు తన కప్పీ తగిలించుకుని, రెండు చేతులతో తీగను లాక్కుంటూ వచ్చేసింది. రొప్పుతూ, చెమటలు కక్కుతూ దగ్గరికి చేరి, ఒక పట్టీతో ఇద్దరినీ కలిపి కట్టింది.

"అసలు బరువు తూగారా మీరు?"

"తూగాను... నీళ్ళ సీసాలతో కలిపి..."

"అత్తయ్యా!" కోడలు ఆవిడ పట్టీలన్నీ తడిమి చూసింది. "ఏమిటీ పిచ్చిపని! ఏమన్నా అయ్యుంటే!"

"నువ్వెందుకు వెళ్ళిపోయావో చెప్పు. అది చెబితేగానీ ఇక్కణ్ణించి కదలను!"

"కదలడం మీ చేతిలో లేదు అత్తయ్యా. నేను లాగాలి" అంది కోడలు. అంతలోనే ఆమె మొహం మారిపోయింది. అత్తగారి ఛాతీ ఎగిరెగిరి పడుతోంది మరి. "గుండె ఎలా ఉంది? పట్టేసినట్టుందా? పొద్దున మాత్ర వేసుకున్నారా లేదా? అయ్యో... ఇంత పైన నేనేం చెయ్యను..."

"నా గుండెకేమే! గుండ్రాయిలా ఉంది!"

"రోజూ నొప్పంటారుగా!"

అత్తగారు తడబడింది. ఇంటి దగ్గరైతే ఏదో ఒకటి చెప్పి తప్పించుకునేది. తీగ మధ్యలో వేలాడే మనిషికి అబద్ధం అంత తేలిగ్గా దొరకదు. "అది... ఉత్తినే అనేదాన్ని తల్లీ. డాక్టరు అంతా బాగుందనే అన్నాడు. అలా అంటే నువ్వు వెనక్కి వచ్చి కాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుంటావని... రోజంతా ఆ మిషనుతో తప్ప నేనెవరితో మాట్లాడతాను చెప్పు? పొద్దున ఆ కాసేపూ నాకు..."

కోడలి మొహంలో నెత్తురు చుక్క లేదు. తీగ సన్నగా మూలుగుతోంది.

"ఉత్తినే అన్నారా?" అంది చివరికి. "ఉత్తినేనా అత్తయ్యా!... ఆ రోజు కూడా అన్నారు. ఈ తీగ దగ్గరే, ఆ మంచె మీదే, ఒకావిడకి పట్టీలు కట్టాను. రెండు కొక్కేలు తగిలించాలి. ఒకటి ఊడినా రెండోది ఆపుతుంది. నా చేతులిక్కడ, మనసేమో మీ దగ్గర. లేచారో, పడిపోయారో, తలుపు తీసేవాళ్ళైనా లేరే అని... ఒక్కటే తగిలించి వదిలేశాను. ఆవిడ నవ్వుతూ చెయ్యి ఊపుతూ వెళ్ళిపోయింది!"

"ఆవిడకేమైనా..."

"ఏం కాలేదు. దాటేసింది. కానీ నాకు కళ్ళు మూస్తే ఆవిడే కనబడుతోంది. నేనే వెళ్ళి ఆఫీసులో చెప్పుకున్నాను. అవతల పట్టుకునే పనికి మార్చమన్నాను. అప్పట్నించీ ఎవరికీ నా చేత్తో తగిలించలేదు. భయం. ఇంట్లో ఉంటే రోజూ ఆ మాట విని బయల్దేరాలి. మీతో చెబుదామంటే, విని మీ గుండె ఆగిపోతుందేమోనని మీ అబ్బాయీ నేనూ ఇద్దరం నోరు మూసుకున్నాం. ఇప్పుడేమో గుండ్రాయిలా ఉందంటున్నారు... నాకు ఏడవాలో, మీ మీద అరవాలో తెలియట్లేదు!"

అత్తగారికీ తెలియలేదు. కోడలికి తన మీద ఇంత ప్రేమ ఉందని పొంగిపోవాలా, ఆ ప్రేమనే తాను రోజూ గిల్లి గిల్లి ఏడిపించానని కుమిలిపోవాలా? ముక్కూ మొహం తెలియని ఒక మనిషి ప్రాణం, తన నోటిమాట వల్ల, ఒక్క కొక్కెం మీద వేలాడిందా! క్షమించమని అందామనుకుంది. ఆ మాట ఎంత చిన్నదిగా తోచిందంటే, పైకి రానే లేదు. ఆవిడ రెండు చేతులతో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. కోడలు కూడా ఏడుస్తూనే, ఇద్దరి బరువూ లాక్కుంటూ, కొంచెం కొంచెంగా మంచె చేర్చింది.

మంచె మీద నుంచి కిందికి రెండు దారులున్నాయి. పక్కన మెట్లు. ముందు, నేల దాకా దించే చివరి తీగ. అది చిన్నదీ, బాగా ఏటవాలుదీ కనుక తేలికవాళ్ళు కూడా ఆగరు; కింద పట్టి దించడానికి వేరే మనిషి ఉంటాడు.

"మెట్ల మీద దిగండి అత్తయ్యా. జాగ్రత్త" అంది కోడలు కళ్ళు తుడుచుకుని.

అత్తగారు మెట్ల వైపు చూసింది. తీగ వైపు చూసింది. "తీగ మీదే వెళతాను. నువ్వే తగిలించు."

"నా వల్ల కాదు. పొడుగన్న వస్తాడు, ఆయన..."

అత్తగారి దగ్గర మాటలకేం కొదవ? నీకేం ఫరవాలేదు తల్లీ, నేనున్నాను, నా మీద ఒట్టు, ఇంటికొచ్చెయ్... ఇన్ని మాటలూ నాలుక చివరి దాకా వచ్చాయి. వాటన్నిటినీ మింగేసి, ఆవిడ తీగ కిందికి వెళ్ళి నిలబడింది. ఈ పిల్ల బుర్రలోకి ఇంకొక్క మాట కూడా దూర్చకూడదు. అదొక్కటే ఆవిడకు ఆ క్షణంలో స్పష్టంగా తెలిసిన సంగతి.

కోడలు పొడుగాయన కోసం అవతలి మంచె వైపు చూసింది. తర్వాత దగ్గరికి వచ్చింది. మొదటి కొక్కెం జారింది, మళ్ళీ పట్టుకుని తగిలించింది. రెండోది తగిలించింది. రెంటినీ లాగి చూసింది. మళ్ళీ లాగి చూసింది. "రెండూ పడ్డాయి" అని పైకే అనుకుంది. అత్తగారి మొహంలోకి చూడకుండా, కొక్కేలనే చూస్తూ, ఆవిణ్ణి మెల్లగా ముందుకు వదిలింది.

సాయంత్రం కొడుకు గుమ్మంలోనే ఎదురయ్యాడు. "పార్కుకెళ్ళావా! ఏమందమ్మా? వస్తానందా?"

"నేను అడగలేదురా."

"అడగడానికేగా వెళ్ళావు!"

"అవును. అంతా చెప్పింది. నా నిర్వాకమంతా తెలిసింది. నా గుండెకు ఏ రోగమూ లేదని నేనూ చెప్పాను. ఎంత కోపం వచ్చిందో, ఏమనుకుందో, నాకేం అర్థం కాలేదు. వస్తుందో రాదో కూడా తెలియదు." అత్తగారు కుర్చీలో కూలబడింది. "చివరి తీగకు మాత్రం నన్ను తనే తగిలించింది. రెండు కొక్కేలూ."

కొడుకు మొహం ఒక్కసారి మారిపోయింది. "తనా? తన చేత్తోనా? ఈ జన్మలో ఇంకెవరికీ తగిలించలేనంది కదమ్మా! రాత్రుళ్ళు లేచి చేతులు చూసుకుంటూ కూర్చునేది..." అని, ఇన్నాళ్ళూ నోరు విప్పని మనిషి గోడకు ఆనుకుని బావురుమన్నాడు.

అత్తగారు లేచి వెళ్ళి వాడి వీపు నిమిరింది. కోడలు ఈ ఇంట్లో లేకపోతే తన పొద్దులు ఎలా గడుస్తాయో ఆవిడకు తెలియదు. తలుచుకుంటేనే భయమేసింది.

"వెళ్ళు. ఇప్పుడే వెళ్ళి దాని దగ్గర కూర్చో" అంది. "కానీ ఒరేయ్... ఇంటికి రమ్మని మాత్రం అడక్కు."

కొడుకు మొహం కడుక్కుని బయల్దేరాడు. అత్తగారు తలుపు దగ్గరికి వేసి, దీపం వేసుకుని, ఆగిపోయిన కర్టెను అంచు మళ్ళీ కుట్టడం మొదలెట్టింది.