మేడమ్ బిన్‌లో దొంగ కమాండ్

"పదకొండింటికి మన గూఢచారుల జాబితా బయటికి పోతే, సాయంత్రానికల్లా మనవాళ్ళు పదిహేడుమంది ప్రాణాలతో ఉండరు," అన్నాడు చీఫ్. "అందులో మీ చెల్లెలొకతి."

ఏజెంట్ కుర్చీలోంచి లేచాడు. చెల్లెలు శత్రుదేశంలో మారుపేరుతో టీచరుగా పనిచేస్తోంది.

"దాన్ని పంపబోయే ఆ మేడమ్‌ని ఇప్పుడే పట్టేసుకుందాం సార్!"

"పట్టుకుంటే వెనకున్న ముఠా జారుకుంటుంది. ఫైలు వెళ్ళిపోయిందని ఆవిడ నమ్మాలి. ఆఫీసు లైనక్స్ సర్వర్‌లో ఆవిడ హోమ్ డైరెక్టరీ, అంటే సొంత ఫోల్డర్, ఉంది కదా, అందులో బిన్ అని ఫోల్డర్ పెట్టు. ఏ కమాండ్ కొట్టినా ఆ సర్వర్ ముందు యూజర్ సొంత బిన్‌లోనే వెతుకుతుంది. ఫైళ్ళు పంపే ఎస్‌సీపీ కమాండ్ పేరుతో మన నకిలీని అందులో దాచు. ఫైలు మనకొస్తుంది, వాళ్ళ అడ్రసూ దొరుకుతుంది."

పది నలభైకి ఏజెంట్ ఎలక్ట్రీషియన్ వేషంలో మేడమ్ టేబుల్ పక్కన మోకాళ్ళమీద ఉన్నాడు. ఆమె ఆ జాబితా దాచే ప్రభుత్వ ఆఫీసులో డేటాబేస్ ఆఫీసరు, లోలోపల శత్రువుల ఏజెంట్. ముదురెరుపు లిప్‌స్టిక్, తీయని నవ్వు, హ్యాండ్‌బ్యాగ్‌లో సైలెన్సర్ బిగించిన పిస్టల్.

కరెంటు కొలిచే మల్టీమీటర్ మూత వెనక దాచి, సర్వర్‌కి కలిపిన బుల్లి కీబోర్డు మీద వేళ్ళు కదిలాయి. సర్వర్ మొత్తాన్నీ తెరిచే రూట్ పాస్‌వర్డ్, చీఫ్ ఇచ్చింది, పనిచేసింది. బిన్ తయారైంది. నకిలీ కమాండ్‌ని అందులో పెట్టి, అది నడిచేందుకు ఎగ్జిక్యూట్ పర్మిషన్ ఇచ్చాడు. హమ్మయ్య అనుకోబోయి కొయ్యబారిపోయాడు.

సొంత బిన్ ఉందో లేదో సర్వర్ చూసేది లాగిన్ అయ్యేటప్పుడే! మేడమ్ తొమ్మిదింటికే లాగిన్ అయింది. అప్పటికి బిన్ లేదు. ఇప్పుడు ఎంటర్ కొడితే నడిచేది అసలు కమాండే. తన తప్పుకి చెల్లెలు బలైపోతుంది.

"ఇంకా ఎంతసేపయ్యా?" అంది మేడమ్.

"ప్లగ్గు వేడెక్కిపోతోంది మేడమ్, ఒక్క నిమిషం..."

"తర్వాత చూద్దువు గానీ, బయటికి నడు."

ఆమె టైపింగ్ మొదలుపెట్టింది. కమాండ్. ఫైలు పేరు. అడ్రస్. వేలు ఎంటర్ మీదికి వెళ్ళింది.

అతను ప్లగ్గు పీకేశాడు.

స్క్రీన్ నల్లబడింది. ఆమె చెయ్యి బ్యాగ్‌లోకి పోయింది.

"నీకేమన్నా పిచ్చా?"

"నిప్పురవ్వలు మేడమ్! మీకు షాక్ కొడితే నా పీకల మీదికొస్తుంది!"

అతను గడగడా వణుకుతున్నాడు. వణుకు అసలుదే కాబట్టి ఆమె నమ్మింది. ప్లగ్గు పక్క సాకెట్‌లోకి మారింది. కంప్యూటర్ ఆవులిస్తూ లేచింది. ఆమె మళ్ళీ లాగిన్ అయింది; ఈసారి సర్వర్‌కి బిన్ కనిపించింది. ఆమె కమాండ్ కొట్టేసరికి పదకొండుకి ఇంకా నాలుగే సెకన్లు. 'వంద శాతం పంపబడింది' అంది స్క్రీన్. మేడమ్ నవ్వింది.

అయిదు నిమిషాల తర్వాత చీఫ్ ఫోన్ చేశాడు. "ఫైలు నాకొచ్చింది. ముఠా అడ్రసూ దొరికింది. మీ చెల్లెలికి ఏ భయమూ లేదు. నువ్వెక్కడ?"

"మెట్లమీద కూర్చున్నాను సార్. కాళ్ళు నా మాట వినడం లేదు."

డిపార్ట్‌మెంట్ రికార్డుల్లో మాత్రం 'ఏజెంట్ తొణక్కుండా బెణక్కుండా బయటికి నడిచాడు' అని ఉంది.