చిల్లు పడని రెయిన్‌కోటు

2021 ఫిబ్రవరి. లాక్‌డౌన్ ఇంకా ఎత్తలేదు. పరాయి దేశపు ఊరు టాలట్‌లో ప్రైవేట్ డిటెక్టివ్ గిరిజాకుమారి ఇంటి గుమ్మం బయట ఆశ్రిత తడుస్తూ నిలబడింది. లోపలికి రమ్మన్నా రాలేదు. మాస్కు పైన కళ్ళు ఏడ్చి ఉబ్బిపోయి ఉన్నాయి.

"మా ఆయన్ని గార్డా పోలీసులు రెండుసార్లు పిలిచిన్రు మేడమ్. దశరథ అంకుల్‌ని పొడిచింది శ్రీధరే అనుకుంటున్రు. వచ్చే నెల మా వీసా రెన్యువల్ ఉంది."

సహాయకుడు త్రినాథ్ నోట్‌బుక్ తీశాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వదిలి గిరిజాకుమారి దగ్గర చేరి ఏడాదయింది. ఆవిడ కంటే ముందు తనే ఒక్క ఆధారమైనా పట్టాలని అతని పంతం. ఇంతవరకు నెగ్గింది లేదు.

ఆశ్రిత దంపతులూ, యాభై దాటిన దశరథా ఒకే ఇంట్లో అద్దెకుంటున్నారు. దశరథ గోదాములో పనిచేస్తాడు. సోమవారం పొద్దున శ్రీధర్ స్నేహితుణ్ణి ఇంటికి తెచ్చాడని, కరోనా అంటిస్తావా అని ఆయన గొడవపడ్డాడు. పక్కింటికి వినబడింది. సాయంత్రం పని నుంచి వస్తూ ఆయన కుడి తుంటి దగ్గర కత్తి గాయంతో ఆసుపత్రిలో చేరాడు. మాస్కు మనిషెవడో సందులో పొడిచి పారిపోయాడన్నాడు. ఆ వేళకి శ్రీధర్ ఒక్కడే నడకకు వెళ్ళాడు.

ఆశ్రిత వచ్చిన మర్నాడు గిరిజాకుమారి, త్రినాథ్ ఆ ఇంటికి వెళ్ళి, వంటింటి తలుపులు బార్లా తెరిచి, ఆసుపత్రి నుంచి వచ్చిన దశరథను ప్రశ్నించారు.

"వాడు ఎటునుంచి వచ్చాడు?"

"ఎదురుగా అండి."

"అప్పుడు మీ ఒంటిమీద?"

"చొక్కా ఒకటేనండి."

సోమవారమంతా వానే. త్రినాథ్‌కి గుర్తుంది. గిరిజాకుమారి నడవాలోకి వెళ్ళి, కొక్కేనికున్న దశరథ పొడవాటి రెయిన్‌కోటు లోపలివైపు తిప్పింది. తుంటి తగిలే చోట, తుడిచినా పోని గోధుమరంగు మరక. బయట చిన్న చిల్లు కూడా లేదు. తర్వాత ఆయన బెల్టు అడిగి తీసుకుంది. కుడిపక్క జానెడు మేర తోలు ఒరుసుకుపోయి ఉంది. రెండూ చూశాడు గాని త్రినాథ్‌కి ఏమీ తట్టలేదు.

"అందరూ పెరట్లోకి రండి," అందావిడ.

ఆశ్రిత, శ్రీధర్ కూడా వచ్చి, అందరూ రెండేసి మీటర్ల దూరంలో నిలబడ్డారు.

"ఎవరైనా పొడిస్తే ముందు కోటు చిరగాలి. చిరగలేదు, లోపల మాత్రం నెత్తురుంది. అంటే కత్తి కోటు లోపలే ఉంది. బెల్టుకి రోజూ ఒర తగిలించిన గుర్తూ ఉంది. మామూలు మడత కత్తి ఒరలో తనంతట తెరుచుకోదు. మీట నొక్కితే ఎగిరి తెరుచుకునే రకమైతే, సేఫ్టీ గొళ్ళెం వేయకుండా, మీట ఒంటివైపుకి పెట్టుకుంటే, వంగినప్పుడు ఆ ఒత్తిడి చాలు. అవునా, దశరథ గారూ?"

"దారిలో గోదాము గుర్తింపు కార్డు కింద పడితే వంగానండి," అన్నాడు దశరథ.

కుంటుకుంటూ లోపలికి వెళ్ళి, బియ్యం బస్తా వెనకనుంచి కత్తి ఉన్న తోలు ఒర తెచ్చాడు. దాని కుట్లు లోపలినుంచి తెగి ఉన్నాయి.

"నవంబర్లో లూయస్ ట్రామ్ స్టాపు దగ్గర కుర్రాళ్ళు మొహంమీద దగ్గి తోసేశారండి. తర్వాత ఎవరి దగ్గరో ఇది కొన్నాను. సేఫ్టీ వేస్తే అవసరానికి తెరుచుకోదేమోనని వేయలేదు. ఇలాంటిది పెట్టుకుని వీధిలో తిరగడమే ఇక్కడ నేరమట. అందుకే ముందు ఎవరూ చూడకుండా ఇంటికొచ్చి, కత్తి దాచి, కోటు విప్పి ఆసుపత్రికెళ్ళాను. డాక్టరు అడిగేసరికి నోటికొచ్చింది చెప్పేశాను. శ్రీధర్ పేరు మాత్రం నేను చెప్పలేదు."

"చెప్పలేదు. అతను కాదని కూడా చెప్పలేదు," అంది గిరిజాకుమారి మెల్లగా.

దశరథ కళ్ళు తుడుచుకున్నాడు. "తప్పేనండి. ఇప్పుడే స్టేషన్‌కి వెళ్ళి చెబుతాను."

ఆవిడ కత్తి మడిచి, సేఫ్టీ జరిపి, బిస్కెట్ల డబ్బాలో పెట్టి టేపు చుట్టింది. "ఇది త్రినాథ్ తెస్తాడు. మేం వెనకాలే వస్తాం. భయపడిన సంగతి కూడా దాచకుండా చెప్పండి."

శ్రీధర్ చటుక్కున లోపలికి వెళ్ళిపోయాడు. కోపమేమో అనుకున్నాడు త్రినాథ్. శ్రీధర్ కారు తాళాలతో తిరిగొచ్చాడు.

"వెనక సీట్ల కూసోండి అంకుల్. కిటికీలు దించుతా. చలి పెడితే చెప్పండి."