చల్లబడని కారు

కాఫీ గ్లాసుతో ఆమె వాకిట్లోకి వచ్చేసరికి భర్త అప్పటికే కారు బానెట్ ఎత్తి, అందులో తల దూర్చి ఉన్నారు. వెనక సామాన్లకు ఒక గదంత చోటున్న పాతకాలపు స్టేషన్ వ్యాగన్ అది. వీధిలో పిల్లలు దాన్ని ఏనుగు అంటారు.

"ఇవాళైనా అవుతుందా?"

"ఎక్కడో లీకుందే. ఏసీలో గ్యాస్ నిలవడం లేదు."

"నిన్నా అదే అన్నారు."

"నిన్నటి లీకు వేరు."

ఆమె నవ్వలేదు. గ్లాసు మడ్‌గార్డు మీద పెట్టి అంది. "అక్క రాత్రి ఫోన్ చేసింది. కిటికీ ఎటుందో వెలుతురుని బట్టే తెలుస్తోందట."

ఆయన స్పానర్ కోసం వెతుక్కున్నారు.

అక్కకి ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండో కంట్లో మిగిలిన చూపు కూడా ఎన్నాళ్ళో ఉండదని డాక్టరు చెప్పాడు. అది పోయేలోగా నీ ముఖం ఒకసారి చూపించిపోవే అని చెల్లెల్ని అడుగుతోంది. అక్కడికి ఒక పగలంతా ప్రయాణం, దారిలో చెట్టన్నది ఉండదు. పోయిన వేసవిలో వడదెబ్బ తగిలి ఆసుపత్రి పాలైన ఈమెను, మళ్ళీ ఎండలో తిరిగితే మనిషి దక్కదని డాక్టర్లు బెదిరించారు.

అద్దెకు ఏసీ కారు మాట్లాడతానని కూతురు మొదట్లోనే అంది. ఆయన ఒప్పుకోలేదు. "గుమ్మంలో కారు పెట్టుకుని అద్దె కారులో పంపుతానా? దీనికి కంపెనీ వాళ్ళు బిగించిన ఏసీ ఉంది. అదే మళ్ళీ పనిచేయిస్తాను. పెళ్ళైన కొత్తలో ఎలా తీసుకెళ్ళానో అలాగే తీసుకెళ్తాను."

ఆ మాటకి ఆమె కరిగిపోయింది. పాత ఇనుము దుకాణాలన్నీ తిరిగి ఆయన ఆ మోడల్ కంప్రెసర్ తెచ్చారు. డాష్‌బోర్డు విప్పారు, గొట్టాలు మార్చారు. నడుం పట్టేస్తే ఆమె మందు రాసింది. గ్రీజు చేతులకు వేడినీళ్ళు పెట్టింది.

ఆ మధ్యాహ్నం కూతురికి ఆఫీసు దగ్గర ఏసీ మెకానిక్ ఎదురయ్యాడు. కారులో గ్యాస్ నింపడానికి ఇంటికొచ్చిన మనిషే.

"ఏం చిన్నమ్మా, అమ్మగారు ఊరెళ్ళొచ్చారా? దారిలో స్వెట్టరు వేసుకోవాల్సొచ్చిందేమో."

"ఎక్కడ? ఇంకా లీకేనట కదా."

"లీకా? పోయిన నెలలో నేనే కదమ్మా నింపింది. మీ నాన్నగారు చలికి చేతులు రుద్దుకున్నారు. ఇప్పుడు చల్లగా లేదంటే కంప్రెసర్ వైరు ఊడిందేమో చూడమనండి."

కూతురు ఇంటికి వచ్చేసరికి తల్లి మెట్ల మీద కూర్చుని ఉంది. ఫోన్ ఒళ్ళో ఉంది.

"పెద్దమ్మకి చూపు పోయిందే. పొద్దున లేచి, ఇంకా తెల్లవారలేదేంటని అడిగిందట." ఫోన్ పక్కన పెట్టింది. "నాన్నగారికి చెప్పు, ఇంక తొందరేం లేదు, నెమ్మదిగా చేసుకోమను."

కూతురు నేరుగా వెళ్ళి బానెట్ ఎత్తింది. వైరు ఊడిపోలేదు. ఎవరో తీసి పక్కకి కట్టారు. దుమ్ము పట్టకుండా దాని కొసకి ప్లాస్టిక్ కాగితం చుట్టి, రబ్బరు బ్యాండు వేశారు. ఆ ఇంట్లో అంత ఒద్దికగా పనిచేసేది ఒక్కరే.

వైరు తగిలించి, ఇంజన్ వేసి, తల్లిని పిలిచి ముందు సీట్లో కూర్చోబెట్టింది. చల్లగాలి తల్లి ముఖానికి కొట్టింది. ఆ చప్పుడుకి ఆయన బయటికొచ్చి, గుమ్మంలోనే ఆగిపోయారు.

"ఒక్క వైరు, నాన్నా," అంది కూతురు.

ఆయన భార్య వైపే చూశారు. "వెళితే నువ్వు తిరిగి రావు. ఈసారి వస్తే ఇక నీ దగ్గరే ఉండిపోతానక్కా అని ఫోన్లో అన్నావు. నేను విన్నాను."

"అన్నాను. అక్క ఒంటరిగా ఏడుస్తుంటే ఇంకేమంటాను? మీరు నన్నడిగారా?"

"అడిగితే అవునంటావేమోనని..." ఆయన ఒక మెట్టు దిగారు. "రేపు చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉన్నాను."

"మీరు రేపు రేపంటుండగానే మా అక్క చూపు పోయింది," అందామె. "పొద్దున్నే బయల్దేరుతున్నాం. మీరే నడపాలి."

దారంతా ఎండ నిప్పులు చెరిగింది. కారులో చల్లగా ఉంది. ఆమె శాలువా కప్పుకుంటే ఆయన ఏసీ మీట తగ్గించబోయారు.

"ఉండనివ్వండి," అందామె. దారి మొత్తమ్మీద మాట్లాడింది అంతే.

అక్క గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. చెల్లెలి అడుగుల చప్పుడుకి చేతులు చాచింది. ఆ చేతులు ముఖమంతా తడిమి బుగ్గల మీద ఆగాయి.

"మంచుముక్కలా ఉన్నావేమే? ఒంట్లో బాలేదా?"

"కారులో ఏసీ అక్కా."

"అయితే సాధించాడన్నమాట మా మరిది. నీకు ఎండ పడదని అన్నాళ్ళు ఆ ఇనుముతో కుస్తీ పట్టాడు. మా ఆయన నాకు ఒక గొడుగైనా కొన్నాడా?" అని నవ్వింది. "నా చూపే ఆగలేదు గానీ, అతని తప్పేముంది?"

ఆయన పెట్టె పట్టుకుని వెనకే నిలబడ్డారు. భార్య తిరిగి ఆయన్ని చూసింది. "అవునక్కా, చాలా కష్టపడ్డారు," అంది.

ఆయన పెట్టె కింద పెట్టేశారు. "ఏసీ పోయిన నెలలోనే బాగైంది వదినగారూ. పంపడం ఇష్టం లేక నేనే దాచాను."

అక్క చెల్లెలి ముఖం మీంచి చేతులు తీసేసింది.

"ఇలా వచ్చి కూర్చోండి మరిదిగారూ. నేను చూడాల్సిన ముఖం మీ దగ్గరే ఉండిపోయిందిగా. ఎలా ఉందో చెప్పండి."

ఆయన మెట్టు మీద కూర్చుని భార్య ముఖంలోకి చూశారు.

"నుదుటి దగ్గర జుట్టంతా తెల్లబడింది. కళ్ళ కింద గుంటలు పడ్డాయి. చిక్కిపోయింది."

"ఎప్పట్నించి?"

ఆయనకు తెలియలేదు. దూరమైపోతుందని అంతగా భయపడ్డ మనిషిని, పక్కనే ఉండగా చూసుకున్నదెప్పుడో గుర్తు రాలేదు. దుఃఖం పొంగుకొచ్చి, చేతుల్లో తల దాచుకున్నారు.

"తర్వాత?" అంది అక్క. ఆ గొంతులో జాలి లేదు, విడిచిపెట్టే ఉద్దేశమూ లేదు.

ఆయన కళ్ళు తుడుచుకుని మళ్ళీ తలెత్తారు. భార్య ముఖం తిప్పుకోలేదు.