అడగకుండా దిద్దిన గొర్రెలు

శ్రీవాసవికి కోపమొస్తే కడప ఎండే నయమనిపిస్తుంది. ఆ ఉదయం కాలేజీ ల్యాబ్‌లో కంప్యూటర్ ఆన్ చేయగానే ఆమెకు కోపమొచ్చింది. నిన్నటిదాకా ముళ్ళకంచె దగ్గర ఇరుక్కుని తోసుకున్న ఆమె గొర్రెలు, ఇవాళ బుద్ధిగా కంచె దాటి పోతున్నాయి.

2006లో ఫైనలియర్ ప్రాజెక్టుకు వాళ్ళ జట్టు చేస్తున్నది వీడియో గేమ్. లారీలు తిరిగే రోడ్డును గొర్రెల మంద క్షేమంగా దాటాలి. జట్టుకు లీడ్ ప్రోగ్రామర్లు ఇద్దరు. గొర్రెల కోడ్ రాయచోటి శ్రీవాసవిది, లారీల కోడ్ కోయిలకుంట్ల భూపేష్‌ది. తక్కిన ఇద్దరూ క్యాంటీన్‌కు లీడర్లు.

“నా కోడ్‌లో ఎవురు చెయ్యి పెట్టింది?”

భూపేష్ నవ్వుతూ చెయ్యెత్తాడు. శభాష్ అంటుందనుకున్నాడు పాపం.

“తిండి మానేసి దాంతో కొట్లాడతాండావు గదా. చూడలేక నేనే దిద్దినా.”

“నేను అడిగితినా?”

చిన్నప్పటి నుంచీ ఆమెకు ఇదే గోల. స్కూటీ స్టార్ట్ కాకపోతే వీధిలో ఎవరో ఒకరొచ్చి కిక్ కొట్టేవారు. వాళ్ళ అంగట్లో బట్టల తాను దించబోతే అన్న లాక్కునేవాడు. అందరూ మంచివాళ్ళే. ఆ మంచితనమంటేనే ఆమెకు ఒళ్ళుమంట. భూపేష్ ఒక్కడు అలాంటివాడు కాదని ఇష్టపడింది. ఇప్పుడు వీడూ అంతేనా?

అతను రాసిందంతా తీసేసింది. గొర్రెలను మళ్ళీ కంచెలో ఇరికించి, సాయంత్రానికి తానే దాటించింది. డెమో అయ్యాక నీ ముఖం చూడనని అతనికి చెప్పేసింది కూడా.

డెమో రోజు భూపేష్ లారీ రోడ్డు వదిలి ఆకాశంలోకి పోయింది. హెచ్‌ఓడీ కళ్ళజోడు తీశారు. తప్పెక్కడుందో శ్రీవాసవికి చూడగానే తెలిసింది. సార్‌ను కొంచెం టైమడిగి, భూపేష్ పక్కన కుర్చీ వేసుకుని చేతులు కట్టుకుంది.

“తప్పు యాడుండాదో నాకు తెలుసు. చెప్పను. నీ కోడ్, నువ్వే దిద్దుకో. అయ్యేదాకా ఈడే ఉంటా.”

భూపేష్‌కు ముందు ఒళ్ళు మండింది. తర్వాత వరుస వరుసా చదివాడు. దొరికింది. లారీ నేలకు దిగింది, గొర్రెలు రోడ్డు దాటాయి, అతను సంతోషంతో బల్ల చరిచాడు. ఆమె దగ్గర తను లాక్కున్నది ఈ సంతోషమేనని అప్పుడు అర్థమైంది.

బయట ఎన్నాళ్ళకో వాన పడుతోంది. వరండాలో ఆమెను ఆపి, తప్పయిందన్నాడు. నువ్వంటే శానా ఇష్టమన్నాడు. ఆమె కోపం సగం దిగింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది.

“కులాలు వేరేనని మీ నాయన ఒప్పుకోడేమో. ఆదివారం రాయచోటికి పోయి నేనే మాట్లాడతా.”

శ్రీవాసవి కళ్ళు మళ్ళీ ఎర్రబడ్డాయి.

“నేను అడిగితినా?”

భూపేష్ నాలిక కరుచుకున్నాడు.

“నువ్వంటే నాకిష్టమని మా నాయనకు చెప్పాల్సింది నేను. నువ్వు కాదు.”

విసురుగా వానలోకి నడిచి, మళ్ళీ వెనక్కి తిరిగింది.

“ఆదివారం రా. వచ్చి నా పక్కన కూర్చో. నోరు మాత్రం తెరవద్దు.”